రాయి మాగిన తరువాతే చేప



మంచినీటి చేపల తొట్టితో తృప్తి చెందక, పగడపు జీవులు, వాటి నడుమ నారింజ రంగు క్లౌను చేపలు కదలాడే సముద్రపు తొట్టిని ఇంటి నడవాలో నిలుపుకోవాలని ఉవ్విళ్ళూరేవారు మన పట్టణాలలో ఇప్పుడు కనిపిస్తున్నారు. ఉత్సాహం మంచిదే. అయితే ఆ ఉత్సాహంలో పని క్రమం తప్పుతుంది. అద్దపు తొట్టి కొంటారు. ఆ సాయంత్రమే నీటిలో ఉప్పు కలుపుతారు. మర్నాడు చేపలు తెస్తారు. వారం తిరక్కుండానే ఆ చేపలు వెల్లకిలా తేలుతాయి. అప్పుడు దుకాణదారుణ్ణి నిందిస్తారు, లేదా నీటిని నిందిస్తారు, అదీ కాకపోతే ఇంటి వాస్తును నిందిస్తారు.

వీటిలో దేని తప్పూ లేదు. చేప చివర రావలసినది. మొదట రావలసినది రాయి. ఆ రాయి కూడా వచ్చి కూర్చుంటే చాలదు, మాగాలి. రాయి ఎట్లా మాగుతుంది, మాగిందని మనకెట్లా తెలుస్తుంది, అనే ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ఉష్ణమండల సముద్రాలలో పగడపు జీవులు తమ దేహం చుట్టూ సున్నపు గూళ్ళు కట్టుకుంటాయి. పాతవి మరణించగా ఆ గూళ్ళ పైనే కొత్తవి నివాసమేర్పరచుకుంటాయి. ఇట్లా తరతరాలుగా పేరుకొని, అలల తాకిడికి విరిగి, పురుగులూ గవ్వజాతి జీవులూ తొలిచివేయగా, లోపల అసంఖ్యాకమైన సూక్ష్మరంధ్రాలతో మిగిలిన సున్నపు శిలయే మనకు కావలసిన రాయి. చేతిలోకి తీసుకుంటే చూపుకున్నంత బరువుండదు. 1961లో ఇండొనీషియా దేశస్థుడైన లీ చిన్ ఎంగ్, వడపోత యంత్రాల ప్రమేయం లేకుండానే, సముద్రంలో నుంచి తెచ్చిన ఇటువంటి సజీవ శిలలూ, కొద్దిపాటి గాలిబుడగలూ, పగటి వెలుతురూ ఆధారంగా సముద్రజీవులను తొట్టిలో పెంచవచ్చునని ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. తరువాత జర్మనులు ఆ శిలలకు, నురుగు రూపంలో మలినాలను లాగివేసే యంత్రాన్ని జోడించారు. దానికి బెర్లిన్ పద్ధతి అని పేరు వచ్చింది. నేటి ఇళ్ళలోని సముద్రపు తొట్లు చాలామట్టుకు ఆ బాటలోనే నడుస్తున్నాయి.

మరి ఆ రాయి చేసే పని ఏమిటి?

పల్లెలో పశువుల కొట్టం ఎరిగినవారికి ఇది చెప్పడం సులువు. గొడ్ల మూత్రం ఇంకిన నేల మొదట ముక్కు పగిలిపోయే ఘాటు కొడుతుంది. ఆ ఘాటు అమోనియాది. కొంతకాలానికి ఘాటు తగ్గుతుంది. ఆ తరువాత ఎండాకాలంలో, పాత మట్టిగోడ అడుగున తెల్లని పొర ఒకటి పూస్తుంది. నాలుకకు తగిలితే చల్లగా ఉంటుంది. అది సురేకారం. పూర్వం తుపాకిమందుకూ బాణసంచాకూ ఆ మట్టిని కడిగి, ఆ నీటిని కాచి, సురేకారం తీసేవారు. ఘాటైన అమోనియా ఈ చల్లని సురేకారంగా ఎట్లా మారింది? ఆ మట్టిలో కాపురమున్న, కంటికి కనిపించని జీవులు మార్చాయి. ఒక తెగ అమోనియాను నైట్రైటుగా మారుస్తుంది. ఇంకొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. సురేకారమంటే నైట్రేటే. నిన్న కట్టిన కొట్టంలో సురేకారం పూయదు. ఏళ్ళ తరబడి గొడ్లు మసలిన కొట్టంలోనే పూస్తుంది.

మన తొట్టిలో చేపయే గొడ్డు, రాయే కొట్టం. చేప తన మొప్పల గుండా నిరంతరం అమోనియాను విసర్జిస్తుంది. సముద్రజలం సహజంగా క్షారగుణం కలది కనుక అందులో అమోనియా మరింత విషప్రాయంగా పనిచేస్తుంది. ఆ విషాన్ని విరిచే జీవులు రాతి రంధ్రాలలో ముందుగానే స్థిరపడి ఉండాలి. లేకపోతే చేప తన మాలిన్యంలో తానే మరణిస్తుంది.

ఈ రహస్యం శాస్త్రజ్ఞులకు కూడా తేలికగా చిక్కలేదు. మట్టిలో నైట్రేటు పుట్టడం కేవల రసాయనక్రియ అని చాలాకాలం అనుకున్నారు. 1877లో ఫ్రాన్సులో ష్లోయ్‌సింగ్, మ్యూంట్స్ అనే ఇద్దరు ఒక పొడవాటి గాజుగొట్టంలో ఇసుకనూ, కొంచెం సున్నపురాతి పొడినీ నింపి, పైనుంచి మురుగునీటిని మెల్లమెల్లగా ఇంకనిచ్చారు. దాదాపు ఇరవై రోజులపాటు పైన పోసినదే కింద వచ్చింది. ఆ తరువాత కింద వచ్చే నీటిలో నైట్రేటు కనిపించసాగింది. కేవల రసాయనక్రియ అయితే మొదటి రోజునే మొదలు కావాలి కదా! వారు గొట్టంలోకి క్లోరోఫారము ఆవిరి పట్టించారు. నైట్రేటు ఆగిపోయింది. మత్తుమందుకు లొంగినది జీవమే అయి ఉండాలని వారు నిర్ధారించారు. 1890 ప్రాంతంలో విన్‌గ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు ఆ జీవులను వేరుచేసి, రెండు మెట్ల పనినీ రెండు వేర్వేరు తెగలు చేస్తాయని నిరూపించాడు.

ఇంతటితో కథ ముగియలేదు. అమోనియాను మార్చేవి బాక్టీరియాలే అని నూరేళ్ళకు పైగా నమ్మాక, 2005లో, ఆర్కియా అనే మరొక ప్రాచీన జీవశాఖకు చెందిన సూక్ష్మజీవి కూడా ఆ పని చేస్తుందని తేలింది. దానిని మొదట పట్టుకున్నది నడిసముద్రంలో కాదు. అమెరికాలోని సియాటిల్ నగరపు ఆక్వేరియంలో, ఉష్ణసముద్రపు తొట్టి అడుగున ఉన్న రాతిరప్పల్లో! తొట్టిలోని రాయిని నిర్జీవమని తలచేవారికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇక రాయిని ఎక్కడ సంపాదించాలి? ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడక తప్పదు. మన దేశంలో 2001లో శిలలు కట్టే పగడపు జాతులను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉన్నది. బతికినదైనా సరే, చచ్చినదైనా సరే, మన్నారు సింధుశాఖ నుంచి గాని, అండమాను నుంచి గాని, లక్షద్వీపాల నుంచి గాని పగడపురాయిని పెరికి తేవడం నేరం, అమ్మడమూ నేరమే. ‘రహస్యంగా తెప్పించి ఇస్తాను’ అనే వర్తకుణ్ణి నమ్మకండి. మన ఆంధ్ర తీరంలో వెతుకుదామంటారా, గోదావరీ కృష్ణలు తెచ్చే మంచినీరూ ఒండ్రూ పడని పగడాలు ఇక్కడ చెప్పుకోదగిన భిత్తికలు కట్టనే లేదు.

కనుక మనకు మిగిలినవి రెండు. ఒకటి, ఒకప్పుడు సముద్రగర్భమై ఇప్పుడు నేలగా మారినచోట గనుల్లో తవ్వి తీసిన ప్రాచీనమైన సున్నపుశిల. రెండవది, సిమెంటుతో పోతపోసిన కృత్రిమశిల. రెండింటినీ దుకాణాలలో డ్రై రాక్ అంటారు. మా కడప బండా సున్నపురాయే, మా పల్నాటి నాపరాయీ సున్నపురాయే, అవి పనికిరావా అని అడిగేవారున్నారు. సున్నం వరకు నిజమే. గచ్చుకు పరచడానికి అవి దివ్యమైనవి. కాని అవి గట్టిరాళ్ళు. వాటిలో రంధ్రాలు లేవు. సూక్ష్మజీవులకు కావలసినది రాయి బరువు కాదు, రాతిలోని ఖాళీ. నూరు లీటర్ల తొట్టికి పది కిలోల రాయి అని ఒక లెక్క వాడుకలో ఉన్నది. బాగా గుల్లగా ఉన్న రాయి దొరికితే అంతకంటె తక్కువైనా చాలును.

ఇప్పుడు శుభ్రపరచడం. నా ఉద్దేశంలో అసలైన శ్రమ ఇక్కడే ఉన్నది.

ఎండిన రాతిలో ఏనాడో చనిపోయిన నాచూ, స్పాంజీ, పురుగుల అవశేషాలూ ఇరుక్కొని ఉంటాయి. ముందు గట్టి బ్రష్షుతో రుద్ది, నీటిధార పట్టి కడగండి. అదివరకు ఎవరి తొట్టిలోనో ఉండి వచ్చిన రాయి అయితే బ్లీచింగు ద్రవం ఒకపాలు, నీరు పదిపాళ్ళు కలిపి, అందులో ఒకటి రెండు రోజులు నానవేయండి. తరువాత పలుమార్లు కడిగి, ఎండలో బాగా ఎండనివ్వండి. మన ఎండలు ఈ ఒక్క పనికైనా అక్కరకు వస్తాయి. ఆపైన క్లోరిన్‌ను విరిచే మందు కలిపిన నీటిలో మరొకసారి ముంచి తీయండి. వాసన చూస్తే బ్లీచింగు జాడ తెలియకూడదు.

కొందరు దీనికి తోడు ఆసిడ్ పోస్తారు. స్నానాలగదుల్లో వాడే హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ను బాగా పలచన చేసి అందులో ముంచితే రాతి పైపొర కరిగి, దానితో పాటు అంటుకున్న ఫాస్ఫేటూ పోతుంది. పని చేసే పద్ధతే. కాని చేతికి తొడుగులూ కంటికి అద్దాలూ లేకుండా, గాలి ఆడని చోట, పిల్లలు తిరిగే ఇంట్లో దీని జోలికి పోవద్దు. నీటిలో ఆసిడ్ పోయాలి గాని, ఆసిడ్‌లో నీరు పోయరాదు. బ్లీచింగునూ ఆసిడ్‌నూ ఎన్నడూ కలపరాదు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ప్రాణాపాయం. తెలియనివారు ఆసిడ్ మాట మరచిపోవడమే ఉత్తమం.

మరొక హెచ్చరిక. దయచేసి దీనిని శ్రద్ధగా వినండి. రాళ్ళను పొయ్యిమీద పెట్టి ఉడకబెట్టకండి. గిన్నెలను సలసల మరిగించి శుభ్రపరచే అలవాటు కొద్దీ ఇది సహజంగానే తోచే ఆలోచన. కాని జొయాంథిడ్లు అనే ఒక జాతి పగడపు జీవులలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. రాతికి అవి అంటుకొని ఉన్న సంగతి కంటికి తెలియకపోవచ్చు. ఉడకబెడితే ఆవిరితో పాటు ఆ విషం గదిలోకి లేస్తుంది. విదేశాలలో ఇట్లా రాళ్ళను మరిగించిన ఇళ్ళలో కుటుంబం కుటుంబమే ఆస్పత్రి పాలయిన ఉదంతాలున్నాయి. మళ్ళీ చెబుతున్నాను. రాయిని ఉడకబెట్టకండి.

కడిగిన రాయికి ఇంకొక పరీక్ష ఉన్నది. ఫాస్ఫేటు సున్నపురాతిని పట్టుకొని ఉండి, నెమ్మది నెమ్మదిగా నీటిలోకి విడుదల అవుతుంది. అది పగడాలు గూడు కట్టుకోవడాన్ని అడ్డుకుంటుంది, నాచుకు మాత్రం విందు అవుతుంది. కాబట్టి రాళ్ళను ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో ఉప్పునీటిలో ముంచి, నీటిని తిప్పే చిన్న పంపు పెట్టి, మూతవేసి రెండు మూడు వారాలు ఉంచండి. ఆ నీటిలో ఫాస్ఫేటును కొలవండి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము కంటె చాలా ఎక్కువ చూపితే నీరు మార్చి, మళ్ళీ నాననివ్వండి. సిమెంటు రాయి అయితే ఇక్కడ మరొకటి గమనించాలి. కొత్త సిమెంటు నీటి క్షారగుణాన్ని విపరీతంగా పెంచుతుంది. నీటి పీహెచ్ 8.3 దాపున స్థిరపడేవరకు దానినీ నానబెట్టవలసిందే.

ఉప్పునీటి సంగతి క్లుప్తంగా చెబుతాను. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో ముప్పాతిక వంతుకు పైగా మనం కూరలో వేసుకొనే ఉప్పే అయినా, తక్కిన వంతులో ఉన్న మెగ్నీషియమూ కాల్షియమూ లేకుండా పగడం బతకదు. కనుక కల్లుప్పు కలిపితే కుదరదు. ఆక్వేరియం కోసమే చేసిన సముద్రలవణాన్ని, ఆర్.ఓ. యంత్రంలో శుద్ధి చేసిన నీటిలో కలపండి. సాంద్రత 1.025 చూపాలి. విశాఖలో ఉన్నవారు బీచి నుంచి బిందెతో తెచ్చుకుంటామంటే వద్దంటాను. ఒడ్డు నీటిలో నగరపు మురుగు కలుస్తుంది. వర్షాకాలంలో నదుల నీరు చేరి బంగాళాఖాతం పైనీటి ఉప్పదనమే తగ్గిపోతుంది.

ఇప్పుడు రాళ్ళను తొట్టిలో పేర్చండి. ఇసుక తరువాత పోయండి. రాయి అద్దం మీద నేరుగా నిలబడాలి. ఇసుక మీద నిలిపితే రేపు ఏ చేపో రొయ్యో కింద తవ్వినప్పుడు గుట్ట కూలుతుంది. రాళ్ళ వెనుకనుంచీ నడుమనుంచీ నీరు పారేటట్లు సందులు వదలండి. నీటి వేడిని 25, 26 డిగ్రీల దగ్గర ఉంచండి. పంపు ఆగరాదు. ఈ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావాలి, కరెంటు పోయి గంటల తరబడి నీరు నిలిచిపోతే అవి ఉక్కిరిబిక్కిరవుతాయి. దీపం మాత్రం వెలిగించనక్కరలేదు. వెలుతురు వాటికి అక్కరలేదు. వెలిగిస్తే నాచు ముందుగా వచ్చి కూర్చుంటుంది.

కొట్టం సిద్ధమయింది. గొడ్డు లేదు. మరి అమోనియా ఎక్కడినుంచి వస్తుంది? పూర్వం దీనికి ఒక క్రూరమైన ఉపాయం ఉండేది. డామ్సెల్ అనే గట్టిప్రాణపు చిన్న చేపలను ముందు వదిలి, అవి ఆ విషాన్ని భరిస్తూ ఉండగా రాయిని మాగించేవారు. కొన్ని బతికేవి. బతికినవి మొప్పలు కాలిన బాధతో బతికేవి. ఈ పద్ధతిని సలహా ఇచ్చే దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి. అవసరం లేనిచోట హింస ఎందుకు? కళాయి పూసేవారి దగ్గర నవాసారం చూసే ఉంటారు. దాని శాస్త్రనామం అమోనియం క్లోరైడు. బజారు సరుకులో ఇతర లోహాలు కలిసి ఉండవచ్చును కనుక ప్రయోగశాలలకు అమ్మే శుద్ధమైనదే తీసుకోండి. నూరు లీటర్ల నీటికి సుమారు 0.6 గ్రాము వేస్తే అమోనియా లీటరుకు రెండు మిల్లీగ్రాముల మేరకు చేరుతుంది. అంతే చాలు. ఎక్కువ వేస్తే త్వరగా మాగుతుందనుకోవద్దు, ఎక్కువైతే ఆ జీవులకే చేటు.

ఇక విత్తనం. ఎండినరాతిలో ఆ జీవులు లేవు. గాలినుంచీ నీటినుంచీ ఎప్పటికైనా చేరుతాయి గాని, ఆలస్యమవుతుంది. సీసాలలో అమ్మే సముద్రజాతి బాక్టీరియాను పోయవచ్చును. లేదా ఆరోగ్యంగా సాగుతున్న మిత్రుని తొట్టినుంచి, అతని అనుమతితోనే సుమండీ, చిన్న రాతిముక్కను తెచ్చి నడుమ ఉంచవచ్చును.

ఆ తరువాత జరిగేది ఇది. మొదటి రోజులలో అమోనియా తగ్గదు. రోజూ పరీక్ష గొట్టం పట్టుకొని చూసి విసుగు చెందుతారు. ఒకటి రెండు వారాలలో అది దిగనారంభిస్తుంది. అది దిగుతున్న కొద్దీ నైట్రైటు లేస్తుంది. మొదటి తెగ పనిలోకి వచ్చింది, రెండవ తెగ ఇంకా రాలేదు అని దాని అర్థం. చాలామంది ఇక్కడే మోసపోతారు. అమోనియా పోయింది కదా అని దుకాణానికి పరుగెత్తుతారు. నిజానికి ఉప్పునీటిలో క్లోరైడు సమృద్ధిగా ఉండడం వల్ల నైట్రైటు చేపను మంచినీటిలో బాధించినంతగా బాధించదు. అయినా ఆగండి. రెండవ తెగ రాలేదంటే కాపురం ఇంకా సగమే అయిందన్నమాట. అమోనియా పూర్తిగా పోయినప్పుడల్లా మళ్ళీ కొద్దిగా నవాసారం వేస్తూ ఉండండి, తిండి లేకపోతే ఆ జీవులు నశిస్తాయి. సాధారణంగా మూడు వారాల నుంచి ఆరు వారాల లోపల నైట్రైటు కూడా దిగిపోయి, నైట్రేటు ఒక్కటే మిగులుతుంది. నైట్రైటు ఉన్నన్నాళ్ళూ నైట్రేటు పరీక్షను నమ్మవద్దు. ఆ పరీక్ష నైట్రైటును కూడా నైట్రేటుగా లెక్కవేసి అబద్ధం చెబుతుంది.

ఎన్ని వారాలని నన్ను నిలదీయకండి. ఒక రాయి మూడు వారాలకే మాగవచ్చును, మరొకటి రెండు నెలలు తీసుకోవచ్చును. క్యాలెండరును చూసి నిర్ణయించేది కాదిది. దీనికి ఒకే ఒక్క పరీక్ష ఉన్నది. లీటరుకు రెండు మిల్లీగ్రాముల అమోనియా వచ్చేటట్లు నవాసారం వేయండి. ఇరవైనాలుగు గంటల తరువాత కొలవండి. అమోనియా సున్నా, నైట్రైటూ సున్నా చూపితే రాయి మాగింది. రెంటిలో ఏ ఒక్కటి మిగిలినా మాగలేదు. ఇంకొకసారి చెబుతాను. రెండు మిల్లీగ్రాములు, ఒక్క రోజు, రెండూ సున్నా.

రాతి లోతుల్లో, ప్రాణవాయువు చొరని చోట్ల, మరొక రకం బాక్టీరియా కాలక్రమాన చేరి నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపుతుంది. అది నెలల పని. అందాకా ఆగకుండా, పరీక్ష నెగ్గగానే తొట్టిలో సగం నీరు, నైట్రేటు మరీ ఎక్కువైతే అంతకంటె అధికంగా, మార్చివేయండి. దీపం వెలిగించండి. వెంటనే రాళ్ళమీద గోధుమరంగు పొర కమ్ముతుంది. ఆ తరువాత పచ్చని జుట్టునాచు వస్తుంది. భయపడి రాళ్ళన్నీ పీకి మళ్ళీ కడగవద్దు. కడిగితే ఇన్నాళ్ళ కాపురం కడిగివేసినట్లే. కొన్ని నత్తలను వదలండి, దీపం గంటలు తగ్గించండి, అది తనంతట తాను సర్దుకుంటుంది. కొన్ని నెలలకు రాతిమీద ఊదారంగు సున్నపు నాచు మచ్చలుగా పరుచుకుంటే తొట్టి దారిన పడిందనుకోండి. పగడాలను అప్పుడు ఆలోచించవచ్చును.

చేపను తెచ్చే రోజున ఒకటి, మహా అయితే రెండు చిన్నవి తెండి. గుంపుగా తేవద్దు, రాతిలోని జీవుల సంఖ్య చేపల సంఖ్యను బట్టి పెరగడానికి వ్యవధి కావాలి. మరొక్క మనవి. కొనేముందు ఆ చేప సముద్రంలో పట్టినదా, హేచరీలో పుట్టినదా అని దుకాణదారుణ్ణి అడగండి. క్లౌను చేపలను హేచరీలో పుట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది. కాబట్టి వాటిని పగడపు దిబ్బలనుంచి వలవేసి తేవలసిన అగత్యం లేదు. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని దుకాణంలో కొనకండి.